చింతచిగురు రంగు సైకిల్

మా మామయ్య పోయారన్న కబురు బడిలో ఉండగా తెలిసింది. మా బడి ఉన్న ఊళ్లో సెల్‌ఫోనుకు సిగ్నల్ అందేది వంటపాక వెనక ఒక్కచోటే. నా ఫోను రోజంతా అక్కడి గుంజకే వేలాడుతుంటుంది. మధ్యాహ్న భోజనం వండే ఆమె చేతులు తుడుచుకుంటూ తరగతి గుమ్మం దాకా వచ్చి, "మేడం, మీ సారు ఫోన్ జేసిండు. ఏడుస్తుండు" అంది. మా ఆయన అశ్వారావుపేటలో పామాయిల్ మిల్లులో పనిచేస్తారు. వెళ్లి ఫోను అందుకున్నాను. "నాన్న పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి మళ్ల ఒరిగిండంట. అమ్మ లేపితే లేవలే" అన్నారు. పిల్లల్ని తోటి టీచరుకు అప్పగించి, గోడకు ఆనించిన సైకిల్ తీశాను. అడవి దారిలో బస్సు రోడ్డు దాకా ఎలా తొక్కానో గుర్తు లేదు. ఆ సైకిల్ మామయ్య కట్టిందే.

మామయ్య మణుగూరు బొగ్గు గనుల వర్క్‌షాపులో వెల్డరుగా చేసి, రిటైరయ్యాక భద్రాచలంలో ఇల్లు కట్టుకున్నారు. తోటివాళ్లు కొందరు స్కూటర్లు కొన్నారు, కొందరు ఆటోలు కొని కిరాయికిచ్చారు. ఈయన పాత ఉక్కు సైకిళ్లు కొన్నారు. ఎవరి పెరట్లోనైనా, ఏ పాతసామాన్ల దుకాణంలోనైనా తుప్పు పట్టిన నల్ల సైకిల్ ఉందని తెలిస్తే వెళ్లి చూడందే ఆయనకు అన్నం సహించేది కాదు. దొరికినదాన్ని విప్పి, కడిగి, విరిగింది అతికి, లేనిది వెతికి తెచ్చి, మళ్లీ కొత్త పెళ్లికొడుకులా నిలబెట్టేవారు. ఈ పిచ్చిలో ఆయనకు జంట ఖమ్మంలో సైకిల్ సామాన్ల దుకాణం నడిపే ఒక ముస్లిం పెద్దమనిషి. ఇంట్లో అందరికీ ఆయన భాయే. ఆదివారం మొదటి బస్సుకు దిగేవారు. ఇద్దరూ వరండాలో ఒక ఫ్రేమును మధ్యలో పెట్టుకుని కూర్చుంటే, మామయ్య వేలి కణుపుతో గొట్టాన్ని తట్టి, తల వంచి వినేవారు. భాయ్ కూడా తల వంచేవారు. ఏం వినపడేదో వాళ్లకే తెలియాలి.

పెళ్లై ఆ ఇంటికి వెళ్లిన రోజు, మాకిచ్చిన గదిలో బట్టలు తగిలించుకుందామని చూస్తే మేకులకు ఒక సైకిల్ ఫ్రేము వేలాడుతోంది. అత్తమ్మ నా మొహం చూసి, "సూస్తివా బిడ్డా, గీ ఇంట్ల మనుషులే పక్కకు జరగాలె. సైకిళ్లు మాత్రం జరగయి" అంది. మర్నాడు నేను స్నానం చేసి వచ్చేసరికి ఫ్రేము లేదు. మేకుల తుప్పు గరుకు కాగితంతో రుద్దేసి, చీరలు చిరగకుండా వాటికి పాత ట్యూబు ముక్కలు తొడిగి ఉన్నాయి. ఆ సంగతి ఆయన నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. నాకు మాత్రం ఆ రోజే ఆ ఇల్లు నాదనిపించింది.

ఒకసారి పినపాకలో చుట్టాల పెళ్లికి అందరం వెళ్లాం. పక్క వాడలో ఒక పాత సైకిల్ ఉందని ఎవరో అనేసరికి మామయ్య, భాయ్ లేచారు. నేనూ వెంట నడిచాను. పశువుల కొట్టంలో సైకిల్ ఉంది, దాని మీద కోళ్లు ఉన్నాయి. కొడుకు అమ్ముతానంటున్నాడు. ముసలి తల్లి మాత్రం హ్యాండిల్ పట్టుకుని నిలబడింది. "ఏంది, తీస్కపోతరా?" అంది.

మామయ్య సీటు చూశారు. "నీ పెనిమిటి ఎడమ దిక్కు ఒరిగి కూసునేటోడా అవ్వా?" అని అడిగారు.

"అవ్. కుడి తొంటిల నొప్పి ఉండె. నీకెట్ల ఎరుక?"

"తోలు గట్లనే అరిగింది."

ఆమె వంగి ఆ సీటును చాలాసేపు చూసింది. అరచేత్తో నిమిరింది. మామయ్య ఇక కొనే మాట ఎత్తలేదు. చక్రాలు విప్పి గ్రీజు పెట్టి, గాలి కొట్టించి, గుడ్డతో తుడిచి, కొట్టంలో కాకుండా ఇంటి వసారాలో నిలబెట్టారు. "ఇది అమ్మే సామాను గాదు" అని కొడుకుతో అన్నారు. తిరిగొస్తుంటే భాయ్ నవ్వుతూ, "ఖాళీ చేతులతోనే పోతున్నం" అన్నారు. "సూసినం గద భాయ్" అన్నారు మామయ్య.

నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. పోస్టింగు దుమ్ముగూడెం అవతల అడవి పల్లెలో. చర్ల బస్సు రోడ్డు మీద దింపేది. అక్కడి నుంచి రాళ్ల దారి, ఒక వాగు, మళ్లీ రాళ్ల దారి. నడిచి వెళ్లేసరికి ప్రార్థన అయిపోయేది. నడిచి వచ్చేసరికి చివరి బస్సు వెళ్లిపోయేది. రెండు నెలలకే మనిషిని సగమయ్యాను. మా ఆయన జాలిపడి, "మానెయ్యి, ఏం గాదు" అన్నారు. పుట్టింటివాళ్లూ అదే అన్నారు. ఆ ఉద్యోగం కోసం నేనెంత చదివానో నాకు తెలుసు. అయినా ఒకరోజు అన్నం దగ్గర, మానేస్తానని చెప్పేశాను. మామయ్య చెయ్యి కడుక్కుని, "సైకిల్ నేర్సుకుంటవా బిడ్డా?" అన్నారు.

నాకు సైకిల్ రాదు. అత్తమ్మ, "కోడలు పిల్ల సైకిల్ తొక్కుడేంది, ఊరంత నవ్వడానికా?" అని గయ్యిమంది. కానీ కొలతలు తీసింది కూడా ఆవిడే. కోడలి కాలు మామ కొలవడం బాగుండదు కదా. నేను గదిలో గోడకు ఆనుకుని నిలబడితే, అత్తమ్మ దర్జీ టేపు పట్టుకుంది. మామయ్య వరండాలో వీధి వైపు తిరిగి కూర్చుని అరుస్తున్నారు.

"మడమ కాన్నుంచి పట్టు! బొటనేలు కాన్నుంచి గాదు."

"పట్టిన. నువ్వు ఇటు తిరగకు!"

"నేనెక్కడ తిరిగిన? చెయ్యి ముందుకు సాపమను, భుజం కాన్నుంచి కొలువు."

నాకు నవ్వాగలేదు. నవ్వితే కొలత తప్పిందని అత్తమ్మ మళ్లీ మొదలుపెట్టింది.

రెండు పాత ఫ్రేములను కోసి, నా కొలతకు ఒక్కటి చేశారు. చీర కుచ్చిళ్లు చిక్కకుండా వెనక చక్రానికి వల, చైనుకు నిండు కవరు పెట్టారు. భాయ్ ఖమ్మం నుంచి తోలు సీటు, డైనమో లైటు తెచ్చారు. తోలు తడిస్తే సాగిపోతుందని, వానలో గుడ్డ కప్పాలని జాగ్రత్త చెప్పారు. అంతా అయ్యాక, "రంగు ఏది గావాలె?" అని మామయ్య నన్నడిగారు. ఆ ఇంట్లోని సైకిళ్లన్నీ నలుపే. చింతచిగురు రంగు కావాలన్నాను, ఊరికే నోటికొచ్చింది. మర్నాడు సంతలో చింతచిగురు కొనుక్కొచ్చి, ఒక రెమ్మ రంగు డబ్బా పక్కన పెట్టుకుని, ఆకుపచ్చలో పసుపు కలుపుతూ, కర్రముక్క మీద పూసి చూసుకుంటూ కూర్చున్నారు. మిగిలిన చిగురుతో అత్తమ్మ పప్పు వండింది.

ఎండాకాలం సెలవుల్లో గోదావరి కరకట్ట మీద నేర్చుకున్నాను. క్యారేజీకి తన తువ్వాలు కట్టి, ఆ కొస పట్టుకుని ఆయన వెనక పరుగెత్తేవారు. "వదిలేస్తారేమో మామయ్యా" అని నేను అరిచేదాన్ని. "చెప్పకుండ ఇడువను. నువ్వు ముందుకు సూడు" అనేవారు. నిజంగానే ఒకరోజు, "ఇడుస్తున్న బిడ్డా" అని గట్టిగా చెప్పి వదిలారు. కొంత దూరం పోయి పడ్డాను. మళ్లీ ఎక్కాను. సీటు ఎత్తు రోజూ కొంచెం మార్చి, నేను తొక్కుతుంటే పక్క నుంచి చూసేవారు. "సీటు మీద కూసున్నంక సీటు యాదికి రావొద్దు. యాదికొస్తుందంటె నేను తప్పు పెట్టిననట్టు" అనేవారు.

బడులు తెరిచాక సైకిల్‌ను బస్సు దిగేచోట ఒక హోటలాయన దగ్గర ఉంచుకుని, అక్కడి నుంచి తొక్కుకుంటూ వెళ్లేదాన్ని. ప్రార్థనకు అందడం మొదలైంది. ఉద్యోగం నిలిచింది.

అలా రెండేళ్లు గడిచాయి. ఒక వానాకాలం, వాగులోకి దిగే రాళ్ల వాలులో ముందు చక్రం ఒక్కసారిగా వెనక్కి మడుచుకుపోయింది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు పైభాగంలో, మామయ్య అతికిన చోట విరిగింది. నేను రాళ్ల మీద పడ్డాను, మణికట్టు ఎముక విరిగింది. ఊరివాళ్లు ట్రాక్టరు మీద దవాఖానాకు చేర్చారు. సైకిల్‌నీ తెచ్చి ఇంటి ముందు దింపారు.

మామయ్య ఆ విరిగిన ముక్కను చేతిలోకి తీసుకున్నారు. దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు. లోపలికి వెళ్లి పానాలు, పట్టుకార్లు అన్నీ గోనెసంచిలో వేసి అటకెక్కించారు. ఆదివారం భాయ్ వస్తే ఒంట్లో బాగాలేదని పడుకున్నారు. ఆ తర్వాత ఆదివారమూ అంతే. ఇంట్లో సుత్తి చప్పుడు లేకపోతే అంత భయంగా ఉంటుందని అప్పుడే తెలిసింది. అత్తమ్మ, "సప్పుడుంటె తిట్టుకుంటనన్న ఉంటుంటిని" అని కొంగుతో కళ్లొత్తుకుంది.

కట్టు వేసిన చేత్తోనే ఆయన దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఫోర్కు ముక్క మంచం కిందే ఉంది. "ఎక్కడ పగిలింది మామయ్యా, చూపించండి" అన్నాను. ఆయన చూడలేదు. వేలితో తడిమారు. అప్పుడు చెప్పారు.

"కుడి కన్ను మసక బిడ్డా. శాన దినాలాయె. ఎడమదీ గంతంత మాత్రమే. అతుకు నిండుగ పడ్డదో లేదో కండ్లతోని సూడలే, యేలుతోని తడిమి సరే అనుకున్న. నీకు ఇచ్చిన."

తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నారు. ఆ మనిషి ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"నా చెయ్యి అతుక్కునేలోపు మీ కన్ను బాగు చేయించుకోండి. నాకు సైకిల్ కావాలి" అన్నాను.

"భాయ్‌తోని కొత్తది తెప్పిస్త."

"కొత్తది వద్దు. నాకు నాదే కావాలి."

ఆయన "సరే" అన్నారు.

భాయ్ ఖమ్మం తీసుకెళ్లి దగ్గరుండి శుక్లం ఆపరేషను చేయించారు. తిరిగొచ్చాక భాయ్ నాతో, "బేటీ, కట్టు విప్పంగనే నా మొకమే సూసిండు. 'అరె భాయ్, గింత ముసలోడివెప్పుడైనవ్' అన్నడు" అని ఒకటే నవ్వు. భాయ్ తెచ్చిన మంచి ఫోర్కును మామయ్య బిగించారు. పాత అతుకులన్నీ ఎండలో పెట్టి మళ్లీ చూసుకున్నారు. నా చేతి కట్టు విప్పినా సైకిల్ మాత్రం ఇవ్వలేదు. ఎప్పుడిస్తారని అడిగితే, "ఆగు" అనేవారు.

నేను మళ్లీ నడిచి బడికి వెళ్తున్న రోజుల్లో, ఒక పొద్దున పిల్లలు కేకలు వేస్తూ బయటికి పరుగెత్తారు. చూస్తే దారిలో మామయ్య. నా చింతచిగురు రంగు సైకిల్ మీద, లుంగీ మోకాళ్ల దాకా తడిసి, క్యారేజీ మీద ఒక బియ్యం మూట, ముందు హ్యాండిల్‌కు అటొకటి ఇటొకటి కూరగాయల సంచులు. బస్సు రోడ్డు నుంచి కాదు, భద్రాచలం నుంచే తొక్కుకుంటూ వచ్చారు. వాగు వాలులో నేను పడ్డ రాళ్ల మీద నుంచి కావాలనే దిగి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగారట. వెనక వచ్చిన గొర్రెల కాపరి చెప్పాడు. నాకు కోపమొచ్చింది. "ఈ వయసులో ఇదేం పని మామయ్యా? ఏమైనా అయితే?" అన్నాను.

"విరిగితె నా కిందనే విరగాలె" అన్నారు. "విరగలే. ఇగ నీది."

పిల్లలతోపాటు వరుసలో కూర్చుని భోజనం చేశారు. మూట, సంచులు బడి వంటకిచ్చేశారు. బస్సు దాకా సైకిల్ మీద దింపుతానంటే వద్దని, చేతులు ఊపుకుంటూ నడిచి వెళ్లిపోయారు. ఆ సైకిల్ ఇప్పటిదాకా విరగలేదు.

తర్వాతి రోజుల్లో మా వరండాకు కొత్త మనుషులు వచ్చారు. మోటారుసైకిళ్లు ఉండి కూడా పాత ఉక్కు సైకిల్ మీద మోజుపడ్డవాళ్లు. కొత్తగూడెం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి, ఇల్లెందు నుంచి ఒక డాక్టరమ్మ, పాల్వంచలో చదివే కుర్రాళ్లు. మామయ్య వాళ్లను ముందు గేటు దాకా వెళ్లి రమ్మనేవారు. నడక చూశాకే సీటు సంగతి మాట్లాడేవారు. ఉక్కే ఎందుకని ఒక కుర్రాడు అడిగితే, "వంగుతది. వంగినంక సాపు జేయొచ్చు" అన్నారు. అంతకు మించి ఉపన్యాసం ఇవ్వడం ఆయనకు రాదు.

మామయ్య పదకొండో రోజు కర్మకు వాళ్లంతా వచ్చారు. ఒకరికొకరు చెప్పుకున్నారో లేదో, ఆయన బిగించి ఇచ్చిన సైకిళ్ల మీదే వచ్చారు. దూరపు ఊళ్లవాళ్లు బస్సు మీద వేసుకుని తెచ్చుకున్నారు. ప్రహరీ పొడవునా నల్లగా బారులు తీరి నిలబడ్డాయి. లోపల భోజనాలు జరుగుతుండగా చినుకులు మొదలయ్యాయి. విస్తళ్లు తడుస్తాయని అందరం ఆ హడావుడిలో ఉన్నాం. అత్తమ్మ కనబడలేదు. వెతుక్కుంటూ గేటు దగ్గరికి వెళ్లాను.

వాన పడుతోంది. అత్తమ్మ తల మీద కొంగైనా కప్పుకోలేదు. చేతిలో పాత చీర ముక్కలున్నాయి. మొదటి సైకిల్ తోలు సీటును తుడిచి, ముక్క కప్పి, కొసలు కింద ముడివేసింది. పక్కదాని దగ్గరికి జరిగింది. దాన్నీ తుడిచింది. నన్ను చూసింది. ఒక ముక్క నా చేతికిచ్చి, ఇంకో సైకిల్ దగ్గరికి నడిచింది.