తీసేసిన ఒడియా అక్షరాలు

ఆదివారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మా అన్నయ్య కంప్యూటర్‌లో ఈమెయిల్ తెరిచాడు. తెర మీద ఉత్తరాల వరుస కనిపించింది. నాలుగు లెక్కపెట్టేలోగా మొత్తం మూసుకుపోయింది. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ అంతే.

"ఒరే, ఇదేటిరా! తలుపు తీసి మొకం సూపించి మూసీస్తంది," అని కేకేశాడు.

నేను పెరట్లో పళ్ళు తోముకుంటున్నాను. ముందురోజు సాయంత్రం ఆ కంప్యూటర్‌లో సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసింది నేనే. ఆయన అడగలేదు. పాతది అలాగే ఉంచితే వైరస్ వస్తుందని భయపెట్టి మరీ చేశాను.

అన్నయ్యకు బరంపురంలో వలలు, తాళ్ళు అమ్మే దుకాణం ఉండేది. నేను శ్రీకాకుళంలో మాస్టారిని. నెలకో రెండు నెలలకో ఒకసారి వెళ్ళేవాణ్ణి. మా ఇద్దరికంటే పెద్దది అక్క. మేం అప్ప అని పిలుస్తాం. అస్కాలో ఒంటరిగా ఉంటుంది. ఆమెకు చెవులు పూర్తిగా వినపడకుండా పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి ఫోన్ పనికిరాదు. అన్నయ్యకేమో కుడిచెయ్యి వణుకు. పెన్ను పడితే ఒక్క అక్షరమూ నిలబడదు గానీ, కీబోర్డు మీద ఒక వేలితో నెమ్మదిగా కొట్టగలడు. బావ పోయాక ఆయన కంప్యూటర్ అప్పకు మిగిలింది. అన్నయ్యే అస్కా వెళ్ళి అందులో ఈమెయిల్ పెట్టి, నేర్పి వచ్చాడు. అప్పటినుంచి రోజూ దుకాణం తీసే ముందు ఆమెకు ఒక ఉత్తరం రాసేవాడు.

వాళ్ళిద్దరూ చదివింది ఒడియా బడిలో. నన్ను మాత్రం ఇచ్ఛాపురంలో మేనమామ ఇంట్లో ఉంచి తెలుగు బడికి పంపారు. అందుకని వాళ్ళు రాసుకునేది తెలుగే అయినా అక్షరాలు ఒడియావి. ఒడియా అక్షరాలు నాకూ వచ్చు. దుకాణాల బోర్డులు చదివి నేర్చుకున్నవి. ఒక పేజీ చదవడానికి మాత్రం చాలాసేపు పట్టేది.

"తెలుగు నేర్చుకోడానికి నీకేటి రోగం?" అని ఆయన్ని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో.

"సేప ఏ గంపలో ఏసినా సేపేరా, పుస్తకాల పురుగా," అనేవాడు.

ఆ ఉదయం కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పదిన్నరకు నా బండి. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను. ఈమెయిల్ ప్రోగ్రామ్‌కు కొత్త వెర్షన్ దించాను. లాభం లేదు. ఉత్తరాలున్న ఫోల్డర్‌ను ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. ఆ జాగ్రత్త మాత్రం తీసుకున్నాను. తర్వాత షిఫ్ట్ నొక్కిపట్టి, పైన తగిలించినవేవీ లేకుండా, సేఫ్ మోడ్‌లో తెరిచాను. ఈసారి మూసుకుపోలేదు. అంటే ప్రోగ్రామ్ బాగానే ఉంది, దానికి తగిలించిన యాడ్-ఆన్‌లలో ఏదో ఒకటి కొత్త సిస్టమ్‌తో పడటం లేదు. అవి నాలుగున్నాయి. అన్నీ ఆపి ఒక్కొక్కటే పెట్టి చూశాను. మూడు పెట్టినా నిలబడింది. నాలుగోది పెట్టగానే పడిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే ఒడియాలోకి మార్చేది ఆ నాలుగోదే. చాలా పాతది. తయారుచేసినవాళ్ళు దాన్ని ఎప్పుడో వదిలేశారు.

తీసేశాను.

అదేమిటో, ఎందుకో నాకు తెలుసు. ఆ సంగతి దాచుకోను. దాని బదులు సిస్టమ్‌లోనే ఉన్న ఒడియా కీబోర్డు పెట్టవచ్చనీ తెలుసు. కానీ తొమ్మిది దాటింది. పైగా, ఇదీ రాయాలి, లోపల ఎక్కడో కొంచెం తృప్తిగా కూడా అనిపించింది. ఇప్పటికైనా ఆ గంప మారుస్తాడులే అనుకున్నాను.

"అయిపోయింది. ఇంక మూసుకోదు," అన్నాను.

ఆయన అప్ప ఉత్తరం ఒకటి తెరిచి చూసుకున్నాడు. చదవడానికి ఇబ్బంది లేదు, బాగానే కనిపించింది. "నువ్వుండబట్టి సరిపోయింది. ఠిక్ అచ్చి, బాగుంది, ఎల్లెల్లు, బండి ఎలిపోద్ది," అంటూ నా సంచి తనే వీధి వరకూ మోసుకొచ్చాడు.

వారం తర్వాత ఫోన్‌లో, వేరే మాటల మధ్యలో, "ఒడియా అచ్చరాలు రావడం నేదురా. ఈసారి ఒచ్చినప్పుడు ఓపాలి సూద్దూ," అన్నాడు. అలాగే అన్నాను. తర్వాతి నెల వెళ్ళాను కూడా. భోజనం చేశాను, దుకాణంలో కూర్చున్నాను, ఆయన బల్ల మీది పేపరు చదివాను. కంప్యూటర్ పక్కగదిలోనే ఉంది. నాకు గుర్తురాలేదు. ఆయన గుర్తుచేయలేదు. బహుశా నా తొందర చూసి ఊరుకున్నాడేమో.

ఆ తర్వాత నాకు వెళ్ళడం కుదరలేదు. మూడు నెలలకు దుకాణంలోనే, తాడు కొలుస్తూ అన్నయ్య కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది.

పదోరోజు కర్మ అయ్యాక అప్ప నన్ను పక్కగదిలోకి పిలిచింది. వినపడనివాళ్ళు మాట్లాడినట్టే గట్టిగా మాట్లాడుతుంది. వద్దన్నా ఇల్లంతా వింటుంది.

"ఒరే, నిజం సెప్పు. ఆడికి నా మీద కోపమేటి?"

కాదని తల ఊపాను.

"మరి నాలుగు నెల్లు ఉత్తరం ఎందుకు రాయనేదు? మోకాలు నొప్పని అస్కా రావు, దుకాణానికి మాత్రం ఎల్తావు, ఏం తమ్ముడివిరా అని రాసినాను. అదే ఆకరు. దానికి జవాబు నేదు. తాళ్ళు కొనుక్కెళ్ళిన మా ఈదోడి సేత బాగున్నానని సైగలతో కబురెట్టినాడు. ఎవడి సేతో సెప్పిస్తే అది ఉత్తరమా? నాకూ కోపం ఒచ్చింది. నేనూ మానీసినాను." గొంతు తగ్గించబోయింది. తగ్గలేదు. "ఆడు కోపంతోనే పోనాడా?"

గుమ్మంలో వదిన నిలబడిపోయింది. ఆమె కంప్యూటర్ జోలికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆమెకూ ఏమీ తెలియదు. చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

కంప్యూటర్ పెట్టి ఈమెయిల్ తెరిచాను. అది బాగానే తెరుచుకుంది, నేను బాగుచేసిందే కదా. పంపిన ఉత్తరాలు ఆ ఆదివారం ముందురోజుతో ఆగిపోయాయి. పంపకుండా మిగిలినవి పదకొండు. అన్నీ అప్ప చిరునామాకే, అన్నీ ఆరూ ఆరున్నర మధ్యవే. మొదటి రెండింటిలో ఇంగ్లీషు అక్షరాలతో "అప్పా, కోపం లేదు" అని కొట్టి ఆపేశాడు. అప్పకు ఇంగ్లీషు అక్షరాలు రావని ఆయనకు తెలుసు. మిగతావాటిలో చిరునామా తప్ప ఏమీ లేదు.

చూపించాను. ఆమె తెర వైపు, నా వైపు చూసింది. "ఏటిది? నాకు తెలీదు. రాసి సెప్పు."

అన్నయ్య దుకాణం బిల్లు పుస్తకం వెనక్కి తిప్పి, ఒడియా అక్షరాలతో తెలుగు రాశాను. జీవితంలో మొదటిసారి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక రెండుచోట్ల కొట్టేశాను. "కోపం లేదు. ఆ మొదటి రెండింటిలో అదే రాశాడు. ఒడియా అక్షరాలు నేను తీసేశాను. మళ్ళీ పెట్టమని అడిగాడు. పెట్టలేదు."

ఆమె వేలు పెట్టి ఒక్కో మాటా పైకి చదివింది. చివరి మాట రెండుసార్లు చదివింది.

"అడిగినాడా?"

తల ఊపాను.

"పెట్టడానికి ఎంతసేపు?"

చెయ్యి చాపి ఐదు వేళ్ళు చూపించాను.

"ఐదు రోజులా?"

కాదన్నాను. ఆమెకు అర్థమైంది. ఏడవలేదు. బిల్లు పుస్తకం మూసి, "కోపం నేదన్నమాట," అంది. ఆ మాట నాతో కాదు. తర్వాత నాతో, "నీకు సిన్నప్పటి నుంచీ తొందరేరా. అన్నం తినీకాడా తొందరే," అంది. అంతకంటే పెద్ద మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం ఒడియా కీబోర్డు పెట్టాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఇకనుంచి రోజూ నేను రాస్తానని కాగితం మీద రాసి చూపించాను. అప్ప దాన్ని మడిచి నా జేబులో పెట్టింది.

"నువ్వు రాస్తే నీ ఉత్తరం అవుద్ది. ఆడిది అవదు గదా."

అస్కా వెళ్ళాక తన కంప్యూటర్ ఎవరికో ఇచ్చేసింది. నేను నెలకోసారి వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుంటాను. పెదవులు చూసి సగం అర్థం చేసుకుంటుంది. మిగతా సగం అడగదు. బిల్లు పుస్తకంలో రాసిన ఆ నాలుగు ముక్కలు, ఆమె నా జేబులో పెట్టిన కాగితం, అంతే నేను ఆ అక్షరాల్లో రాసినవి. మా ఇంట్లో ఇప్పుడు తెలుగును ఒడియా అక్షరాల్లో ఎవరూ రాయరు.