పిట్ట ముట్టేదాకా

మా పెద్దబాపు దవాఖానలో చనిపోయాడు. గుట్ట మీది నుంచి జారిపడ్డాడని పేపర్లో వచ్చింది. జారిపడలేదు. గడ్డపారతో తల మీద కొట్టారు. నేను పక్కనే ఉన్నాను. అందుకే రాస్తున్నాను, మెత్తటి మాటలు నా దగ్గర లేవు.

మా నాయనకు అన్న ఆయన. కాజీపేటలో రైల్వే ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆదివారం వస్తే నన్ను బండెక్కించుకొని ఊరవతలి పాత గుట్టలకు తీసుకుపోయేవాడు. ఆ గుట్టలకు ఎత్తు తక్కువ, వయసు ఎక్కువ. మొదట్లోనే రక్షిత అడవి అని సర్కారు బోర్డు. లోపల నల్లటి బండలు, సందుసందునా తునికి చెట్లు. బండను అరచేత్తో తట్టి, "మనిషి పుట్టకముందు సంది ఉన్నదిరా ఇది. జర మర్యాదతోని కూసో" అనేవాడు.

శాంతమూర్తి మాత్రం కాదు. బండకేసి బీరుసీసా పగలగొట్టిన ఒకణ్ని మెడ పట్టి వంచి, పెంకులన్నీ ఏరించాడు. "నీ కాలుకు బూటున్నది. గుడ్డెలుగు కాలుకు ఏమున్నదిరా?"

నాకూ పడింది. కరపత్రాలు చదివిన జోరులో, "ఇది ప్రజల సహజ వనరు పెద్దబాపూ" అన్నాను. నెత్తి మీద ఒక్కటిచ్చాడు. "వనరు అన్నవంటే సగం తవ్వినట్టే. గుట్ట అను." ఆ తరవాత నేను రాసిన ఏ కరపత్రంలోనూ ఆ మాట లేదు.

ఈ ఎండాకాలం ఎవరో ఆ బోర్డు పీకేసి, రోడ్లకు పోసే మొరం కోసం తవ్వడం మొదలుపెట్టారు. పెద్దబాపు పోయి తవ్వే మిషన్ తొట్టి ముందు నిలబడ్డాడు.

"జరుగు ముసలోడా. నీ అయ్య జాగీరా?"

"నా అయ్యది గాదు, నీ అయ్యది గూడ గాదు. బంద్ పెట్టు."

గడ్డపార వెనక నుంచి లేచింది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. కొట్టినవాడి మణికట్టును ఎముక తగిలేదాకా కొరికాను. నలుగురు కలిసి నన్ను తన్నారు. పెద్దబాపు నెత్తురు ఎర్రమట్టిలో ఇంకిపోయింది. ఏది నెత్తురో, ఏది మన్నో తెలియలేదు. వాళ్లలో ఒక్కణ్నీ ఇంకా పట్టుకోలేదు.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే, పిట్ట వచ్చి ముట్టేదాకా ఎవరూ ఏ పనీ ముట్టుకోరు. "గుట్ట కాడనే పెడుదం" అంది పెద్దమ్మ. పోయేసరికి మిషన్ నడుస్తూనే ఉంది. నేను రాయందుకున్నాను.

"కింద పడెయ్" అంది. తొట్టి ముందే విస్తరి పరిచి, మటన్ కూర, అన్నం పెట్టి, పక్కన కూర్చుంది. డ్రైవర్ వైపు తలెత్తింది. "ఇంత లొల్లిల పిట్టెట్ల వస్తది బిడ్డా? మీ ఇంట్ల ఎవ్వలు సావలేదా?"

డ్రైవర్ మిషన్ ఆపేశాడు. తవ్వకం చేయిస్తున్న మేస్త్రీ బూతులు తిట్టాడు.

"పిట్ట ముట్టకముందు నేను చెయ్యి పెట్ట సేటూ. నాకు పిల్లలున్నరు."

"సరే తియ్. ముట్టంగనే షురూ చెయ్."

పెద్దమ్మ ఆ మాట విన్నది. కాసేపటికి ఒక కాకి వచ్చి విస్తరి అంచున వాలింది. పెద్దమ్మ కొంగు విదిలించి తోలేసింది.

"పెద్దమ్మా, పెద్దబాపు ఆకలితోని ఉంటడు."

"ఉండనియ్. అలిగి ఉపాసముండుడు ఆయనకు కొత్తనా?"

ఇంకో కాకి వచ్చింది. మళ్లీ కొంగు లేచింది. ఎండ నడినెత్తికొచ్చింది. ఇంజను చల్లారిన మిషన్ పక్కన, తునికికొమ్మ ఒకటి విరిచి చేతబట్టుకొని, పెద్దమ్మ కాకుల్ని తోలుతూనే ఉంది.