అమ్మ పేరున ఒక గడి

ఏ ఊళ్లో ఉండాలో తేల్చుకోవడానికి నేనొక పట్టిక గీశాను. పాత క్యాలెండర్ కాగితం వెనక, స్కేలు పెట్టి, రెండు రంగుల పెన్నులతో. డేటా సెంటర్లలో పనిచేసేవాళ్లకు ఇదొక జబ్బు. ప్రతి తీగకీ ఒక చీటీ అంటించి పేరు రాయకపోతే మాకు అన్నం సయించదు. ఎడమ పక్కన మూడు ఊళ్లు రాశాను: రాయపూర్, నవీ ముంబై, విశాఖపట్నం. పైన గడులకు పేర్లు: పని, ఎదుగుదల, సైటుకి దూరం, కరెంటు, వరదలు. చివర ఒక గడి మిగిలితే దానికి "అమ్మ" అని పేరు పెట్టాను.

మిగిలితే పెట్టాను. ఆ సంగతి దాచుకుని ఇప్పుడు చేసేదేమీ లేదు.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. దుర్గ్‌లో డిప్లొమా చేసి, రాయపూర్ దగ్గర ఒక చిన్న డేటా సెంటర్‌లో నాలుగేళ్లుగా టెక్నీషియన్‌గా ఉన్నాను. పాడైన డిస్కులు మార్చడం, బీరువాల్లాంటి రాక్‌లలోకి సర్వర్లు ఎక్కించడం, చల్లగాలి ఎక్కడ అందడం లేదో చూడడం నా పని. రోజూ భిలాయిలో మేముండే క్యాంప్ 2 నుంచి పవర్ హౌస్ స్టేషన్ దాకా నడక, అక్కణ్నుంచి లోకల్, ఆ తర్వాత బస్సు. మాది రెండు గదుల ఇల్లు. నాన్న కాంట్రాక్టు వెల్డర్‌గా ఉన్నప్పుడు వేయించాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లవుతోంది. అమ్మ గడపలో కూర్చుని వీధిలోవాళ్ల చీరలకు ఫాల్ కుడుతూ, వచ్చేపోయే ప్రతి మనిషినీ ఆపి మాట్లాడేది.

అమ్మ టెక్కలి దగ్గర్నుంచి పదిహేడేళ్లప్పుడు పెళ్లయి వచ్చింది. ఆమె మాట్లాడేది తెలుగు అనే నేను అనుకునేదాన్ని. "అమ్మీ, సబ్జీ కోసీసినాను, జల్దీ నహాలే, ట్రేన్ ఎల్లిపోతాది" అని పొద్దున్నే స్నానానికి తొందరపెట్టేది. అందులో ఏ ముక్క ఎక్కడిదో మాకు ఎప్పుడూ ఆలోచన రాలేదు. వీధి వీధంతా అలాగే మాట్లాడుతుంది.

అంతకు రెండేళ్ల ముందు, మే నెలలో, వీధి కొళాయి దగ్గర అమ్మ బిందె కింద పెట్టి, తల పట్టుకుని, "చక్కరొస్తంది" అంది. ఆ ఒక్క మాటే అంది. ఎదురింటి అత్త వరసలోంచి వచ్చి అమ్మ భుజాలు పట్టి ఆ బురదలోనే కూర్చోబెట్టేసింది. అత్త అంటే చుట్టం కాదు, అమ్మ వాళ్ల పక్క ఊరి మనిషి, అమ్మకంటే ముందు ఈ వీధికి వచ్చింది. "బైఠో, బైఠో, కదలకు" అని తన ఒళ్లోకి ఆనించుకుంది. ఒకామె తువ్వాలు తడిపి తెచ్చింది. ఇంకొకామె ఆటో కోసం పరిగెత్తింది. నేను రాయపూర్ నుంచి వచ్చేసరికి అమ్మ ఆసుపత్రి మంచం మీద కూర్చుని పక్క మంచం ఆవిడతో మాట్లాడుతోంది. బీపీ బాగా పెరిగిపోయిందని, ఇంకాస్త ఆలస్యమైతే మెదడులో నరం చిట్లేదని డాక్టర్ చెప్పాడు. మా వీధిలో ఎవరైనా ఆ మాట అంటే చేతిలో పని వదిలేసి వస్తారు. ఎందుకు, ఏమిటి అని అడగరు.

ఆ రోజు నుంచి అమ్మకు రోజూ మాత్ర. ఆమెను ఒక్కర్తినీ వదిలి ఏ ఊరూ వెళ్లనని నాకు నేనే మాట ఇచ్చుకున్నాను. మాట నిలబెట్టుకున్నాను కూడా. వదల్లేదు, వెంట తీసుకెళ్లాను.

రాయపూర్‌లో ఉంటే రిటైరయ్యే దాకా డిస్కులే మారుస్తాననేది నా భయం. మా పనిలో ఎదగాలంటే పెద్ద సర్వర్ హాళ్లున్న ఊరికి పోవాలి. పైగా అక్కడ పిలిస్తే అరగంటలో సైటులో ఉండాలి కాబట్టి సైటు ఉన్నచోటే కాపురం. ముంబై, విశాఖ రెండు చోట్లా రమ్మన్నారు. విశాఖలో హాలు కొత్తది, ఏడాది తిరిగేసరికి షిఫ్టుకు పెద్దని చేస్తామన్నారు. నా మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత పట్టిక ముందు కూర్చుని, ముంబై వరసలో అమ్మ గడిలో "భాష?" అని రాశాను. విశాఖ వరసలో "తెలుగు" అని రాసి రెండు టిక్కులు పెట్టాను. రాయపూర్ వరసలో, అంటే ఉన్న ఇంట్లోనే ఉండిపోయే వరసలో, ఆ గడి ఖాళీగా వదిలేశాను. అక్కడేం రాయాలో నాకు బాగా తెలుసు కాబట్టే వదిలేశాను. అందరితోనూ అమ్మ కోసమే విశాఖ వెళ్తున్నామని చెప్పాను. చెప్పగా చెప్పగా నేనే నమ్మాను.

అత్త మాత్రం నమ్మలేదు. మా గడప మీద కూర్చుని, "అక్కడ మీ అమ్మ ఎవులితో మాటాడతాదే?" అని అడిగింది.

"అక్కడందరూ తెలుగోళ్లే అత్తా. ఇక్కడే ఈ హిందీ గోల."

అత్త అమ్మ వైపు చూసింది. అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, "పిల్ల పని చూసుకోవాల గదా. నాకేటి, ఎక్కడైనా కుట్టుకుంటాను" అంది.

"తాళంచెవి నాకిచ్చీసెల్లండి" అంది అత్త.

విశాఖలో ఊరి చివర మూడో అంతస్తులో ఇల్లు తీసుకున్నాను. స్కూటర్ మీద సైటుకి ఇరవై నిమిషాలు. మొదటి వారమే అమ్మ కూరల బండి దగ్గర అద్రక్, ధనియా పత్తీ అడిగింది. బండివాడు నవ్వి, "ఏటమ్మా, ఒరిస్సావోళ్లా మీరు?" అన్నాడు. అతను సరదాకే అన్నాడు. పక్కనున్నవాళ్లు కూడా సరదాకే నవ్వారు. మరి నాకెందుకో సిగ్గేసింది. ఇంటికి వచ్చాక అమ్మని కూర్చోబెట్టి, "అద్రక్ కాదు, అల్లం. ధనియా పత్తీ కాదు, కొత్తిమీర. ఇక్కడ తెలుగులో మాట్లాడమ్మా" అన్నాను. తప్పు చీటీ పీకి సరైనది అంటించినట్టు ఒక్కో మాటా మార్చాను. అమ్మ బుద్ధిగా తల ఊపింది. ఆ బుద్ధి చూసి నేను సంతోషించాను.

అప్పట్నుంచి అమ్మ మాటలు తగ్గించేసింది. తప్పు దొర్లుతుందేమోనని వాక్యం మధ్యలోనే ఆగిపోయేది. రెండు మాటలతో పనయ్యేచోట మూడోది వాడేది కాదు. పక్క ఫ్లాట్ ఆవిడది కడప వైపు, నిజంగా మంచి మనిషి. కూర గిన్నెలు ఇటూ అటూ తిరిగేవి గానీ, వాటి వెంట మాటలు పెద్దగా తిరిగేవి కావు. ఫాల్ కుట్టమని ఎవరూ రాలేదు. అమ్మ కుట్టుసామాను డబ్బా అటక మీదికి చేరింది. నేను చూస్తూనే ఉన్నాను. అలవాటైతే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. అప్పుడు నాకు షిఫ్టు పెద్ద పదవి ఇంకో నాలుగు నెలల దూరంలో ఉంది.

ఆ రోజు నాది పొద్దుటి షిఫ్టు, ఆరు నుంచి రెండు దాకా. హాల్లోకి ఫోన్ తీసుకెళ్లకూడదు, బయట లాకర్లో పెట్టి వెళ్లాలి. ప్రతి సర్వర్‌కీ వెనక రెండు కరెంటు తీగలుంటాయి, ఒకటి పోతే ఇంకొకటి అందుకోవడానికి. ఆ రెండో తీగ బిగుతుగా ఉందో లేదో ఒక్కోటీ పట్టుకుని చూడడం ఆ రోజు నా పని. ఎనిమిది గంటలు అదే చేశాను. రెండింటికి లాకర్ తెరిస్తే అమ్మ దగ్గర్నుంచి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. మూడూ పదకొండు ప్రాంతంలోవే.

ఇంటికి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. అమ్మ నేల మీద, మంచం కోడుకి ఆనుకుని ఉంది. నోరు ఒక పక్కకి లాగేసింది. కళ్లు తెరిచే ఉన్నాయి. పక్కన ఒక స్టీలు గ్లాసు, దాన్నిండా పంచదార. చీమలు పట్టాయి. పంచదార ఎందుకో నాకు అర్థం కాలేదు, ఆలోచించే తీరికా లేదు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ అడిగాడు. "ఎన్నింటికి మొదలైంది? కళ్లు తిరుగుతున్నాయని ఎవరితోనైనా అన్నారా?"

"కళ్లు బాగానే ఉన్నాయండీ, తెరిచే ఉన్నాయి" అన్నాను.

అతను నా మొహంలోకి చూసి, తల చుట్టూ వేలు తిప్పి చూపించాడు.

"చక్కరా?" అన్నాను.

చక్కర్ హిందీ మాటని, దానికి తెలుగులో కళ్లు తిరగడం అనే వేరే మాట ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఇరవై తొమ్మిదేళ్లకి, ఆసుపత్రి వరండాలో.

అమ్మ నాలుగో రోజున పోయింది. ఈలోపు ఒక్క మాటా మాట్లాడలేదు. పక్క ఫ్లాట్ ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "పదకొండు గంటలప్పుడు మీయమ్మ వచ్చింది పాపా. 'కొంచెం చక్కర' అనింది. 'వస్తాది' అనింది. మాట ముద్దగా ఉండె. ఎవురో చుట్టాలు వస్తాండారు, కాఫీలోకి చక్కెర లేదేమో అనుకుంటి. గ్లాసు నిండా పోసిస్తి. వద్దన్నట్ల చెయ్యి ఊపె. మొగమాటమేమోనని చేతిలో పెట్టి పంపిస్తి."

ఆమె మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. రాలేదు. అడగని గ్లాసు నిండా పోసి ఇచ్చిన మనిషి మీద ఏమని కోపగించుకోను? "మీరు చేసింది మంచిపనే అక్కా" అన్నాను. అమ్మ ఆమెను ఏమడిగిందో చెప్పలేదు, ఎప్పటికీ చెప్పను. నా కోపమంతా నా మీదే, అది ఇప్పటికీ తగ్గలేదు. తెలుగులో చెప్పమన్నది నేను. అమ్మ తెలుగులోనే చెప్పానని అనుకుని ఉంటుంది. ముంబైలో ఏ ఆటోవాడికి చెప్పినా అర్థమయ్యే మాట అది. రాయపూర్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఉంటే చెప్పనక్కర్లేకుండానే సరిపోయేది, ఆమె మొహం చూసి అత్తే పట్టుకునేది.

పెద్ద కర్మ అయ్యాక భిలాయి వచ్చాను. పవర్ హౌస్‌లో దిగి, అమ్మ కుట్టుసామాను డబ్బా చంకలో పెట్టుకుని క్యాంప్ 2 లోకి నడిచాను. అత్త తాళంచెవి పట్టుకుని మా గడప మీదే కూర్చుని ఉంది. ఫోన్లో పోయిందని మాత్రమే చెప్పాను, ఎలాగో చెప్పలేదు.

"ఏటైనాదే మీ అమ్మకి?" అంది.

"చక్కరొచ్చిందత్తా."

ఆ మాట వినగానే అత్త లేచి నా భుజాలు పట్టుకుంది. నాకే వచ్చినట్టు గడప మీద కూర్చోబెట్టి, నన్ను తనకి ఆనించుకుంది. ఆ తర్వాత మెల్లగా అడిగింది.

"ఎవులికీ చెప్పలేదేటి?"

"చెప్పినాదత్తా" అన్నాను.