జాబితాలో ఇరవై నాలుగో వారం

మొన్న ఆఫీసు క్యాంటీన్‌లో పక్కసీటు అమ్మాయి తన ఫోన్‌ని ఖాళీ స్టీలు గ్లాసులో నిలబెట్టి జపాను పాట ఒకటి వినిపించింది. గ్లాసులోంచి వచ్చేసరికి ఆ గొంతుకి పాత క్యాసెట్టు బొంగురు వచ్చింది. “ఈ వారం అక్కడ నంబర్ వన్ మేడమ్ ఇది” అంది సంబరంగా. నేను పాట బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. “జాబితాలోకి వచ్చి ఎన్నో వారం?” అని అడిగాను. ఆ పిల్ల తెల్లమొహం వేసింది. ఆ ప్రశ్న నాది కాదు, శారదాంబ గారిది. ఆవిడ పోయి పన్నెండేళ్ళు దాటినా, జపాను పాట వినబడితే చాలు, నా నోట్లోంచి ఆవిడే మాట్లాడతారు.

శారదాంబ గారు తెనాలిలో మా వీధి చివర మేడమీద గదిలో జపనీస్ చెప్పేవారు. భర్త ఓడల ఇంజనీరు. ఆయనతో జపానులోని కోబెలో పదకొండేళ్ళు ఉండి, ఆయన అక్కడే గుండెపోటుతో పోతే ఒక్కరే తిరిగి వచ్చేశారు. క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న రోజులవి. జపనీస్ వస్తే కంప్యూటరు కంపెనీల్లో ఉద్యోగం ఖాయమని ఎవరో అంటే, డిగ్రీ చేతపట్టుకుని ఖాళీగా ఉన్న మేం నలుగురం ఆవిడ దగ్గర చేరాం. నలుగురిలోనూ నాకే తెలివెక్కువని నా గట్టి నమ్మకం.

ఆవిడకు పాఠ్యపుస్తకమంటే గిట్టేది కాదు. కోబెలోని స్నేహితురాలు నెలకోసారి కవరులో పెట్టి పంపే పత్రిక కాగితాలే మాకు పాఠం. వాటి నిండా పాటల జాబితాలు. సోమవారం నుంచి ఆదివారం దాకా దేశంలోని దుకాణాల్లో ఏ పాట డిస్కులు ఎన్ని అమ్ముడయ్యాయో కూడి, మర్నాడో ఆ మర్నాడో వరస ప్రకటిస్తారు. పాట పేరు పక్కన మూడు అంకెలుంటాయి: ఈ వారం స్థానం, పోయిన వారం స్థానం, జాబితాలోకి వచ్చి ఎన్నో వారం. మాకు అంకెలూ, వారాల పేర్లూ ఆ విధంగానే వంటబట్టాయి.

“పాట బాగుందో లేదో చూడరా మేడమ్?” అని ఒకరోజు అడిగాను.

“చూడరమ్మా. ఎవరు కొన్నారు, ఎందుకు కొన్నారు, ఇంటికెళ్ళి విన్నారా లేదా, ఏదీ అడగరు. అభిమానం పట్టలేక ఒక్కడే పది కొంటే పదీ లెక్కే. కొన్నారా, రాసుకున్నారా, అంతే.”

“అదేం పద్ధతండీ, ఆరా తీయొద్దూ?”

“ఆరా తీస్తే అది జాబితా కాదే తల్లీ, పెళ్ళిచూపులు” అని నవ్వారు.

మేమంతా మొదటి స్థానం కోసం చూస్తే ఆవిడ చూపుడువేలు నేరుగా అడుగుకి పోయేది. మొదటి వారం పైకెగిరి మూడోవారానికి కనబడకుండా పోయే పాటలంటే ఆవిడకు లెక్కలేదు. అడుగున ఎక్కడో వేలాడుతూ నెలల తరబడి ఊడిపోని పాటలంటే ప్రాణం. ఎందుకని నేనే అడిగాను. “మావారు పోయిన వారం ఒక పాట జాబితా అడుగున చేరింది. తర్వాత ప్రతి వారం వెళ్ళి చూసుకునేదాన్ని, ఇంకా ఉందా అని. ఏడాది పైన ఉంది. అది ఉన్నన్నాళ్ళూ నేనూ ఉండొచ్చు అనిపించింది” అన్నారు. అని, లేచి కాఫీ కలపడానికి వెళ్ళారు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆ మాట విన్నాను గానీ నా చెవి దాటి లోపలికి పోలేదు.

తర్వాత ఆవిడ మాకో పని పెట్టారు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఒక్కో క్యాసెట్ల దుకాణం ఎంచుకుని, వారంలో అమ్మినవి కూడి, ఇరవై పాటల జాబితా జపనీస్‌లో రాయాలి. తిరిగే ఓపిక నాకే ఉంది కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. సోమవారం పొద్దున్నే బాపట్ల వెళ్ళొచ్చి, మధ్యాహ్నం రేపల్లె పాసింజరు ఎక్కేదాన్ని. రేపల్లె దుకాణం ప్రసాద్‌కి ఇది మహా సరదా అయింది. నేను తెలుగులో రాసిచ్చిన జాబితాని దుకాణం బయట నల్లబోర్డు మీద సుద్దతో ఎక్కించేవాడు. కొనేవాళ్ళు తగ్గిపోయిన కాలం కనక వారానికి ఒక్కటి అమ్మినా తోకలో చోటు దొరికేది. అలా ఇరవయ్యో స్థానంలో ఒక క్యాసెట్టు అతుక్కుపోయింది. మాణిక్యం అనే అమ్మాయి పాడిన జోలపాటలు. పేరున్న కంపెనీ కాదు, సొంతంగా చేయించుకున్నది. వారానికి ఒకటి, అదీ రేపల్లెలోనే. ఇరవై మూడు వారాలు నిలిచింది. శారదాంబ గారు వేలు పెట్టి చూసి ప్రతిసారీ మురిసిపోయేవారు.

ఇరవై నాలుగో వారం, ఇదెవరు కొంటున్నారని అడిగితే ప్రసాద్ అన్నాడు: “అదా మేడమ్, పోలయ్య మావే కొంటాడండి అన్నీ. చేపల యాపారం. పాడింది ఆయన కూతురే. క్యాసెట్టు వచ్చిన ఏడే జొరమొచ్చి పోయింది పాపం.”

దొంగను పట్టుకున్నట్టు సంబరపడ్డాను. పాపం అన్న మాట వినబడలేదు, ఒక్కడే కొంటున్నాడన్నదే వినబడింది. ఒక్క మనిషి కొంటే అది జనాదరణ ఎలా అవుతుంది? అక్కడికక్కడే ఆ పేరు కొట్టేసి జాబితా ప్రసాద్ చేతిలో పెట్టాను.

శారదాంబ గారు కాగితం అడుగున వేలు పెట్టి ఆగిపోయారు. “మాణిక్యం ఏదమ్మా?” అన్నారు. నా ఘనకార్యం చెప్పుకొచ్చాను. ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. “రేపు రేపల్లె వెళ్దాం” అన్నారంతే. మోకాళ్ళ నొప్పులతో వీధి దాటని మనిషి.

మేం వెళ్ళేసరికి ప్రసాద్ మొహం వేలాడేసుకుని ఉన్నాడు. ముందురోజు సాయంత్రం పోలయ్య వచ్చాడట. ఆయనకు చదువు రాదు. ప్రతి వారం బోర్డు ముందు నిలబడి “ఉందా అబ్బాయ్?” అని అడిగేవాడట. “ఒక్కరే కొంటన్నారని తీసేశారంట మావా అని చెప్పేశానండి. ఎనక్కి తిరిగి ఎల్లిపోయాడు. క్యాసెట్టూ తీసుకోలేదు” అన్నాడు ప్రసాద్. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆటోలో ఊరి బయట చేపల పాకల దగ్గరికి వెళ్ళాం. పోలయ్య పెట్టెల్లో ఐసు దంచి నింపుతున్నాడు. అరవై దాటిన బక్కపలచటి మనిషి. మేమెవరమో శారదాంబ గారే చెప్పారు, తీసేసింది మా జాబితాలోంచేననీ చెప్పారు. నా పేరెత్తలేదు. ఆయన కోప్పడలేదు. కండువాతో స్టూలు తుడిచి ఆవిడని కూర్చోబెట్టాడు. లోపలికెళ్ళి ఒక ఐసు పెట్టె మోసుకొచ్చి మూత తీశాడు. దాంట్లో వరసగా క్యాసెట్లు, పైన కాగితం కూడా విప్పనివి.

“ఇంట్లో పాటలపెట్టె లేదమ్మా. ఉన్నా యినలేను, బిడ్డ గొంతు తట్టుకోలేను. నేను కొంటే కొట్టులో మళ్ళీ తెప్పిత్తారు గదా అని కొన్నా. బోర్డు మీద ఉందంటే తెనాల్లో, బాపట్లలో కూడా ఎవరో కొంటన్నారనుకున్నా. ఏదో ఇంట్లో పసిబిడ్డకి ఇనిపిత్తన్నారనుకున్నా.” ఐసు మీద చెయ్యి ఆపి తలెత్తాడు. “నేనొక్కణ్ణేనా అమ్మా కొన్నది?”

కాదని చెప్పెయ్యడం ఎంత సులువు! శారదాంబ గారు అబద్ధం ఆడలేదు. “నిన్నటిదాకా అవునండి. ఇవాళ్టి నుంచి ఇద్దరం” అన్నారు.

తిరుగు రైల్లో నేను ఏడుస్తూ కూర్చున్నాను. “తిట్టండి మేడమ్” అన్నాను. “నీ లెక్క తప్పు కాదమ్మా. అడక్కూడనిది అడిగావు” అన్నారు కిటికీలోంచి చూస్తూ. ఆ వారం జాబితాని దిద్దనివ్వలేదు. ఒకసారి బోర్డెక్కిన జాబితాని వెనక్కి వెళ్ళి మార్చకూడదన్నారు. తర్వాతి సోమవారం నుంచి ఆవిడ కోసం నేనే ప్రసాద్ దగ్గర వారానికొక క్యాసెట్టు కొని తెచ్చాను. ఇరవయ్యో స్థానంలో మాణిక్యం మళ్ళీ వచ్చింది. పోలయ్య మాత్రం ఆ దుకాణం మెట్టు ఎక్కలేదు. ఏడు వారాల తర్వాత ఇక కాపీలు లేవని విజయవాడలో ఆ క్యాసెట్లు చేసిచ్చిన వాళ్ళ నుంచి కబురొచ్చింది. ఆ పాటలు శారదాంబ గారి గదిలో మధ్యాహ్నాలు మోగేవి, ఆవిడ పోయేదాకా.

ఆవిడ నేర్పిన భాషతోనే నేనివాళ అన్నం తింటున్నాను. ఉద్యోగంలో ఏ వరసలోనైనా అడుగునున్న పేరు కొట్టెయ్యమంటే నా చెయ్యి ఆగుతుంది. కానీ నన్ను వదలనిది అది కాదు. ఆ రోజు ఆవిడ “ఇద్దరం” అన్నాక పోలయ్య నా వైపు కూడా చూశాడు. ఏమైనా అంటానేమోనని కాసేపు చూశాడు. “ముగ్గురం” అంటే సరిపోయేది. సిగ్గుతో నేను పెట్టెలోని క్యాసెట్లకేసి చూస్తూ నిలబడ్డాను. ఆయన తల దించుకుని మళ్ళీ ఐసు దంచడం మొదలుపెట్టాడు.