పోలేదు, పెరికినారు

మంజుశ్రీ కాగితాల కట్టను బల్ల మీద తట్టి, అంచులు సమం చేసి ప్రింటర్‌లో పెడుతుండగా ఒకామె వచ్చి గుమ్మంలో నిలబడింది. అంత ఎండలోనూ మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని ఉంది. ఆమె మిట్టేమరి ఊరి యశోదమ్మ. అయిదు రోజుల కిందట భర్త కృష్ణప్పతో వచ్చి ఇక్కడే అర్జీ రాయించుకుపోయింది. ఇప్పుడు ఒక్కతే వచ్చి ఆ అర్జీ నకలును బల్ల మీద పెట్టింది.

“నేను సరం యాడ పారేసుకుంటినమ్మా? పారేసుకున్నానని ఎట్ల రాస్తివి?”

బాగేపల్లి తాలూకా కచేరీకి దగ్గర్లో మంజుశ్రీది చిన్న టైపింగ్ అంగడి. పుట్టింది పాతపాళ్యలో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఎస్సెల్సీతో చదువు ఆగిపోతే, చింతామణిలో ఎవరో అమ్మేసిన టైపు మిషను తెచ్చుకుని, పాత అర్జీలనే మళ్లీ మళ్లీ కొట్టి తనంతట తానే పని నేర్చుకుంది. ఇప్పుడు కంప్యూటర్ వచ్చింది. జనం తెలుగులో చెబుతారు, ఆమె కన్నడలో కొడుతుంది. అక్షరం తప్పుందని ఆమె అర్జీని ఇంతవరకు ఎవరూ వెనక్కి పంపలేదు.

నకలు తీసి చదివింది. ఆ రోజు మాట్లాడిందంతా కృష్ణప్పే. పెళ్లాం మెడలోని బంగారు సరం పోయిందంట, ఒక అర్జీ రాయమన్నాడు. యశోదమ్మ గోడ వైపు చూస్తూ కూర్చుంది. అంగడి నిండా జనం. మంజుశ్రీ సిద్ధంగా ఉన్న నమూనా తెరిచి, పేరూ ఊరూ మార్చి, ‘కళెదుహోగిదె’ అని కొట్టి ఇచ్చేసింది. కన్నడలో ఆ మాట చదివితే ఎక్కడో పోగొట్టుకున్నారనే అనుకుంటారు. తెలుగులో జారిపడినా పోయిందనే అంటాం, దొంగ ఎత్తుకెళ్లినా పోయిందనే అంటాం. ఎట్లా పోయిందని అడగాల్సింది తను. అడగలేదు. పైగా నమూనాలో ‘నా అజాగ్రత్త వల్ల’ అన్న ముక్క మొదటినుంచీ ఉంది. పోలీసు స్టేషన్‌లో ఆ కాగితం ప్రకారమే, పోగొట్టుకున్న వస్తువని రసీదు ఇచ్చారు.

“ఇప్పుడు ‘పోయింది’ అనకుండా చెప్పమ్మా. ఎవరొచ్చిరి, ఏం చేసిరి?”

యశోదమ్మ తువ్వాలు తీసింది. మెడ పక్కన ఎర్రగా కోసుకుపోయిన గీత. డెయిరీలో పాలు పోసి వస్తుంటే బైకు మీద ఇద్దరు ఆగి, పాతపాళ్యకు దారెటమ్మా అని తెలుగులోనే అడిగారట. ఆమె క్యాన్ కింద పెట్టి చెయ్యి చాపి చూపిస్తోందట.

“వెనకోడు మెడలో చెయ్యేసి పెరికినాడు. నేను ఇడిసిపెట్టలా. ఈడ్చినాడు, మోకాళ్ల మీద పడితి. నీ అజాగ్రత్తేనని సర్కారు కాగితంలోనే ఉండాది కదా అంటాండాడు మా ఇంటాయన. డెయిరీ పక్కకు పోవద్దని క్యాన్ ఆయనే ఎత్తుకుపోతాండాడు. మెంబరు నేనమ్మా ఆడ.”

వీధిలో వాళ్లూ ఎవరూ దొంగ సంగతి అడగలేదట. ఎందుకు నిలబడినావు, తెలియనోళ్లతో మాటలెందుకు అనే అడిగారట.

మంజుశ్రీ ఆ నమూనాతో రాసిన పాత అర్జీలు ఒక్కొక్కటే తెరిచింది. సోమేనహళ్ళి నుంచి వచ్చినామెది కనబడింది. చెవి తమ్మె తెగి, కట్టు కట్టుకుని వచ్చిన మనిషి. కమ్మ పోయిందని ఆమె అంటే, అందులోనూ ‘నా అజాగ్రత్త వల్ల’. చెవి తెగేదాకా ఎవరు అజాగ్రత్తగా ఉంటారు?

ఆ అర్జీలు రాయించుకున్నవాళ్లలో ఎక్కువమంది రోజూ ఒకే వేళకు ఒకే దారిలో ఒంటరిగా నడిచేవాళ్లు. పిలిస్తే ఆగి పలికేవాళ్లు. దొంగ చూసుకున్నది వాళ్ల మతిమరుపును కాదు, మంచితనాన్ని. దానికి అజాగ్రత్త అని పేరు పెట్టింది తన వేళ్లే. మంజుశ్రీ ఆ ముక్కను నమూనాలోంచి కొట్టేసింది. తర్వాత కొత్త కాగితం మొదలుపెట్టింది.

వేళ, చోటు, వాళ్లు అడిగిన మాట, ఏ చేత్తో పెరికారు, అన్నీ అడిగి రాసింది. ‘కిత్తుకొండు హోగిద్దారె’ అని కొట్టింది, పెరుక్కుని పోయారని. వాక్యం వాక్యం తెలుగులో చదివి వినిపించింది. బైకు నల్లది కాదు, ముదురాకుపచ్చదని యశోదమ్మ దిద్దింది. చివర మంజుశ్రీ ఇంకో పేరా చేర్చి, దాని కింద తన పేరు రాసి సంతకం పెట్టింది. అంగడి మూసి తనూ స్టేషన్‌కు నడిచింది.

హెడ్ కానిస్టేబుల్ గిరీశ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

“అప్పుడు పోగొట్టుకున్నానంటిరి, ఇప్పుడు కిత్తుకున్నారంటాండారు. ఏది అబద్ధమమ్మా?”

“మొదటిది. అది ఆమె అబద్ధం కాదు సార్, నా తప్పు. ఆమె తెలుగు మాటను నేను కన్నడలో తప్పు రాసినా. కింద అదే రాసి సంతకం పెట్టినా.”

గిరీశ్ ఆ పేరా రెండుసార్లు చదివాడు. “దారిలో ఎందుకు నిలబడిందో రాయలేదే?”

“దారి చెప్పేదానికి నిలబడింది. అది ఏ సెక్షన్‌లో తప్పో చెప్పండి, ఆ ముక్కా కొట్టుకొస్తా.”

గిరీశ్ నవ్వు ఆపుకుని యశోదమ్మ వైపు తిరిగాడు. ఇకమీదట ఎవరైనా దారి అడిగితే ఆగొద్దని చెప్పబోయాడు.

“ఆగుతానప్పా. పాతపాళ్య నేను పుట్టిన ఊరు, ఆ దారి నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు? క్యాన్ కూడా రేపటినుంచి నేనే ఎత్తుకుపోతా.”

గిరీశ్ పెన్ను తీసుకున్నాడు. మెడ మీది గాయం చూసి రాసుకుని, కాగితాలు లోపల ఎస్సై దగ్గరికి తీసుకుపోయాడు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. మధ్యాహ్నానికి కేసు నంబరు వేసిన నకలు వచ్చింది. మంజుశ్రీ వేలు పెట్టి చదువుతూ ‘కిత్తుకొండు’ దగ్గర ఆగి అక్షరాలు సరిచూసింది, ముద్ర చూసింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి యశోదమ్మ చేతికిచ్చింది.