నాలుగో అధ్యాయం నాది కాదు

పద్నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే కుంగిపోయానని కాదు. బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను, నలుగురిలో నవ్వుతూనే తిరిగాను. ఇప్పుడు అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. తప్పు చేసినవాడు ఇంత సుఖంగా ఉండవచ్చా? ఉండవచ్చని నన్ను చూస్తే తెలుస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. ఊళ్లో నన్ను చైనా మాస్టారు అంటారు. చైనా తన పొరుగు దేశాలతో ఎలా మాట్లాడుతుందన్నది నా పరిశోధన. దానికి డాక్టరేట్ వచ్చింది. తర్వాత అది ఇంగ్లీషులో పుస్తకమైంది. సరిహద్దులో ఏ చిన్న గొడవ జరిగినా టీవీ వాళ్లు ఫోన్ చేస్తారు. ఆ పుస్తకం ముందుమాటలో ఒక వాక్యం ఉంది. ఇందులో వాడిన చైనా పత్రాలన్నింటినీ మూలభాషలోనే చదివానని.

నాకు చైనా భాష రాదు. ఒక్క అక్షరం రాదు. చదివింది నాగమణిగారు.

ఆవిడ ఎవరో చెప్పాలి. అప్పట్లో నా పరిశోధనంతా ఇంగ్లీషు అనువాదాల మీదే నడుస్తోంది. మూలం చూడకుండా ఎన్నాళ్లు రాస్తావని మా గైడ్‌గారు విసుక్కున్నారు. చైనా విదేశాంగ శాఖ ప్రకటనలు కొన్ని ప్రింటు తీయించుకుని, చూస్తూ ఉంటే ఏదో ఒకటి తెలియకపోదన్న పిచ్చి ఆశతో, ఒక ఆదివారం రేపల్లె రైలెక్కాను. రేపల్లె మా అత్తగారి ఊరు. ఎదురు సీట్లో కూర్చున్న ఆవిడ వేమూరు దాకా నన్నే చూసి, చివరికి ఉండబట్టలేక, నేను కాగితం తలకిందులుగా పట్టుకున్నానని మర్యాదగా చెప్పింది.

ఆవిడే నాగమణి. చీరాలలో మగ్గం నేసేవాళ్ల ఇంట పుట్టింది. రేపల్లె దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో ఉద్యోగం. సరుకు కొనేవాళ్లు చైనా నుంచి వచ్చేవారు కాబట్టి కంపెనీ ఆవిడను మూడేళ్లపాటు అక్కడి రేవు పట్టణంలో ఉంచింది. మాట్లాడటం అక్కడి చేపల మార్కెట్లో నేర్చుకుంది. చదవడం సరుకు కాగితాల మీద మొదలుపెట్టి వార్తాపత్రికల దాకా వెళ్లింది. ఎవరూ నేర్పలేదు.

ఆ తర్వాత రెండేళ్లు దాదాపు ప్రతి ఆదివారం రేపల్లె వెళ్లాను. వాళ్ల వరండాలో ఆవిడ చదివేది, నేను రాసుకునేవాణ్ణి. వాళ్లమ్మగారు పెసరట్లు వేసి పెట్టేవారు, ఆవిడ చంటి కూతురు పక్కన ఆడుకునేది. నాగమణి అనువాదం అచ్చం మన మాటల్లోనే ఉండేది. చైనా ప్రతినిధి ఒక పొరుగు దేశాన్ని మందలిస్తే, "మా గుమ్మంలోకొచ్చి మాకే చెప్తున్నారా అంటున్నాడు మాస్టారూ" అనేది. దాన్ని నేను ఇంటికెళ్లి గంభీరమైన ఇంగ్లీషులోకి మార్చేవాణ్ణి. అంత నవ్వుతూ చదువుకున్న రోజులు నా జీవితంలో మళ్లీ రాలేదు.

అసలు విషయం ఇక్కడుంది. ఒకరోజు ఆవిడ ఒక ప్రకటన దగ్గర ఆగి నవ్వింది. అందులో యెన్‌జియు అన్న మాట ఉంది. పరిశీలిస్తాం, పరిశోధిస్తాం అని అర్థం. నేను దాన్ని సానుకూలమైన జవాబుగా రాసుకోబోతుంటే వద్దంది. రొయ్యల బేరంలో కొనేవాడు ధర ఎక్కువన్నాడంటే ఇంకా మాట్లాడొచ్చట. యెన్‌జియు అన్నాడంటే మాత్రం ఆ సరుకుకి వేరే కొనేవాణ్ణి చూసుకోవాలట. కాదని మొహం మీద అనకుండా కాదనే పద్ధతి అది. అయితే పొరుగు దేశాలతోనూ ఇంతేనేమో చూడండి మాస్టారూ అని ఆవిడే అంది. ఇద్దరం పాత ప్రకటనలన్నీ తిరగేశాం. గట్టిగా కోప్పడ్డ చోట తర్వాత ఏదో ఒక చర్చ నడిచింది. పరిశీలిస్తామన్న చోట దాదాపు ఏదీ కదల్లేదు.

అదే నా నాలుగో అధ్యాయం. పరీక్షకులు మెచ్చుకున్నదీ, పుస్తకంగా వేయడానికి కారణమైనదీ అదొక్కటే.

కృతజ్ఞతల పేజీలో గైడ్‌గారున్నారు, లైబ్రేరియన్ ఉన్నాడు, మా ఆవిడకు రెండు వాక్యాలున్నాయి, టైపు చేసినతను కూడా ఉన్నాడు. నాగమణి లేదు. మొదటి ప్రతిలో ఉంది. నేనే కొట్టేశాను. ఎవరైనా కొట్టేయమన్నారా అంటే లేదు. మా గైడ్‌గారికి ఆవిడ సంగతే తెలియదు. మరి ఎందుకు? రొయ్యల కంపెనీ ఉద్యోగిని చెబితే రాశానంటే నన్ను తక్కువగా చూస్తారని భయమా, లేక ఆ ఆలోచన నాకే వచ్చి ఉంటే ఎంత బాగుండేదని కోరుకుని కోరుకుని, నిజంగా నాకే వచ్చిందని నమ్మడం మొదలుపెట్టానా? రెండూ కావచ్చు. ఆ పేరు ఒక్క గీతతో కొట్టేసి, తర్వాతి పేజీకి వెళ్లిపోయాను. వైవాలో మీకు చైనా భాష వచ్చా అని అడిగితే, వచ్చండి అన్నాను.

పుస్తకం వచ్చాక మర్యాదకి ఆవిడను చూడటానికి వెళ్లాను. కాపీ పట్టుకెళ్లలేదు. ఆ రోజు మాటలు నాకు పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మన రొయ్యల బేరం సంగతి ఎక్కించారా మాస్టారూ?" అని అడిగింది.

"లేదండి. అలాంటివి పరిశోధనకి పనికిరావని మా గైడ్‌గారు తీయించేశారు."

"పోనీలెండి. మీకు డాక్టరేట్ వచ్చింది, అది చాలు" అని నవ్వి, లోపలికెళ్లి స్వీటు తెచ్చింది.

తిన్నాను. రెండోది కూడా పెడితే తిన్నాను. ఆ తర్వాత రేపల్లె వెళ్లినా ఆ వీధికి వెళ్లలేదు.

ఆ అబద్ధానికి శిక్ష పడలేదని అనను. పడింది, కాకపోతే నవ్వొచ్చే రకం శిక్ష. చైనా నుంచి వచ్చిన ప్రతి వస్తువూ చదివి పెట్టమని మా ఇంటికొచ్చేది. రైస్ కుక్కరు, దోమల బ్యాటు, కాళ్లు నొక్కే మిషను. నందివెలుగు నుంచి ఒక రైతు కొత్త స్ప్రేయరు తెచ్చి ఎర్ర మీట దగ్గర ఏం రాసుందని అడిగితే, కాసేపు కళ్లద్దాలు సర్దుకుని, నెమ్మది అని రాసుందన్నాను. మర్నాడు అతను ఆ మీట నొక్కి, నిలువునా తడిసి వచ్చాడు. అదృష్టవశాత్తూ మందు కలపలేదు, ఉత్త నీళ్లే. చైనావాళ్లు తప్పు అచ్చేశారు మాస్టారూ, మీరు ఓ ఉత్తరం రాయండి అన్నాడు. నన్ను అనుమానించలేదు, ఒక దేశాన్ని అనుమానించాడు. ఫోన్లో అనువదించుకునే వీలు వచ్చాకే నా ప్రాణం కుదుటపడింది. ఎవరేం తెచ్చినా లోపలి గదిలోకెళ్లి ఫోటో తీసుకుని, పండితుడిలా బయటికొచ్చేవాణ్ణి.

ఈ మధ్య బాపట్లలో ఒక కాలేజీవాళ్లు ఉపన్యాసానికి పిలిచారు. ఎప్పటిలాగే నాలుగో అధ్యాయం చెప్పాను. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. అప్పుడు ముందు వరసలో ఒక అమ్మాయి లేచి, ఆ యెన్‌జియు అన్న మాట చైనా లిపిలో బోర్డు మీద రాసి చూపించమంది. చాక్‌పీసు తీసుకున్నాను. బోర్డు వైపు తిరిగాను. అంతే. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎవరో వచ్చి నా చేతిలోంచి చాక్‌పీసు తీసుకున్నారు.

నాగమణి. జుట్టు కాస్త నెరిసింది. మాస్టారి చేతిరాత వెనక బెంచీలకి కనపడదు, నేను రాస్తానని పిల్లలకు చెప్పి, చకచకా రాసేసి, వెళ్లి కూర్చుంది. ప్రశ్న అడిగిన అమ్మాయి ఆవిడ కూతురట, అప్పట్లో వరండాలో ఆడుకున్న పిల్లే. ఇప్పుడు కాపురం బాపట్లలోనేనట. కూతురి కాలేజీలో చైనా మీద ఉపన్యాసమంటే వినడానికి వచ్చిందట.

సభ అయ్యాక బయట వేపచెట్టు కింద ఆవిడను ఆపి, ముక్కలు ముక్కలుగా అంతా చెప్పాను. కొట్టేసిన పేరు, వైవాలో అన్న మాట, గైడ్‌గారి మీదికి నెట్టిన అబద్ధం. ఆవిడ తొందరపెట్టకుండా విన్నది.

"పుస్తకం వచ్చిన నెలకే చదివానండి. నాలుగో అధ్యాయం రెండుసార్లు చదివాను. రొయ్యల్ని తీసేసి బాగానే రాశారు."

"మరి అడగలేదేంటండి?"

"మీరే చెప్తారేమోనని చూశాను" అంది. "అంతా తెలిసిన నాకు చెప్తే ఏముంది మాస్టారూ, తెలియనివాళ్లకి చెప్పండి" అంది.

ఆ తర్వాత నా ఆరోగ్యం అడిగింది. వాళ్లమ్మగారు పోయి నాలుగేళ్లయిందని చెప్పింది. క్షమించానని మాత్రం అనలేదు. అడగడానికి నాకూ నోరు రాలేదు. అడిగితే ఆవిడ నవ్వి సరేనండి అనేదేమో. అదింకో స్వీటు తిన్నట్టుండేది.

తెలియనివాళ్లలో మీరూ ఒకరు. విశ్వవిద్యాలయానికీ పుస్తకం వేసినవాళ్లకీ నా పేరుతోనే ఉత్తరాలు రాసి నిన్న రిజిస్టర్ పోస్టులో పంపాను. డాక్టరేట్ ఉంటుందో పోతుందో తెలియదు. పోతే అది న్యాయమే. నాగమణిగారికీ నకలు పంపాను. జవాబు రాకపోవచ్చు.

ఈరోజు ఫైనలియర్ క్లాసులో చైనా విదేశాంగ విధానం పాఠం. పుస్తకం తెరిచే ముందు పిల్లలకు చెప్పాను. నాకు చైనా భాష రాదనీ, ఈ పాఠంలో అసలైన సంగతి కనిపెట్టింది రేపల్లెలో రొయ్యల కంపెనీలో పనిచేసిన నాగమణిగారనీ. ఒకమ్మాయి చెయ్యెత్తి, ఆవిడ పేరు పరీక్షకి ముఖ్యమా సార్, రాసుకోవాలా అని అడిగింది.

రాసుకోండమ్మా అన్నాను. అందరూ తలలు వంచి రాసుకున్నారు.