ఆదివారం మొహాలు తీసే ఎక్స్‌రే సార్

మొన్న బస్సు అశ్వారావుపేట దాటుతుండగా పామాయిల్ మిల్లులో గెలలు ఉడికే వాసన కిటికీలోంచి గుప్పుమంది. పక్క సీటావిడ విసుక్కుంటూ అద్దం మూసేసింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. నాకు ఫోటో తీయడం నేర్పిన డేవిడ్ సార్ ఆ వాసనతోనే గుర్తొస్తారు. సార్ పోయి ఏడాది దాటింది. ఇల్లందులో ఒక దవాఖానాలో ఎముకలకు ఎక్స్‌రే తీసే ఉద్యోగం ఆయనది. ఆదివారం చర్చి కాగానే మెడలో చిన్న నల్ల కెమెరా వేసుకుని సంతలకూ బస్టాండ్లకూ బయలుదేరేవారు. ఇంట్లో ఎవరైనా గొణిగితే ఆయన జవాబు సిద్ధంగా ఉండేది. "వారమంతా బొక్కలు తీస్తున్న. ఆదివారమన్న మొహాలు తియ్యొద్దా?"

నేను బ్యాంకులో క్లర్కుని. ఖమ్మంలో వీధి ఫోటోలు తీసే గుంపులో చేరేనాటికి నాకు ఫోటోల కంటే నా జూమ్ లెన్సు మీద గర్వం ఎక్కువ. మోచేతి పొడవుండేది మరి. గుంపులో ఒక్కొక్కరిది ఒక్కో పిచ్చి. ఒకాయనకు రంగులంటే గిట్టదు, అన్నీ నలుపు తెలుపులోనే. ఇంకొకతను ఎదుటి మనిషి మొహం మీద ఫ్లాష్ కొట్టి, వాళ్ళు తేరుకునేలోపు పక్క సందులో తేలేవాడు. ఒకమ్మాయి గోడ మీది నీడ దగ్గర గంటల తరబడి కాపలా కాసి, గొడుగు పట్టుకున్న మనిషి అటు వస్తేనే బటన్ నొక్కేది. సార్ దగ్గర ఉన్నది ఒకే ఒక్క లెన్సు, ముప్పై అయిదు ఎంఎం, జూమ్ లేనిది, మనిషి దగ్గరికి వెళ్ళి తీయాల్సిందే. కెమెరా కంపెనీ పేరు కనబడకుండా నల్ల టేపు అంటించుకున్నారు. నా లెన్సును మొదటి రోజే "పైపు" అన్నారు. గుంపులో దానికి ఆ పేరే ఖాయమైపోయింది.

మొదటిసారి నన్ను ఆ మిల్లు గేటు దగ్గరికే తీసుకెళ్ళారు. గెలలు దింపడానికి వచ్చిన ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. నేను పైపు బయటికి తీయబోతే సంచిలో పెట్టేయమన్నారు. గంటసేపు డ్రైవర్లతో చాయ్ తాగుతూ కూర్చున్నాం. సార్ ఒకాయన మోకాలు నొక్కి చూసి, దవాఖానాకు ఎప్పుడు రావాలో కూడా చెప్పారు. ఆ తర్వాత కెమెరాలు తీస్తే ఎవరూ పట్టించుకోలేదు. నేను దూరం నుంచి తీసే అలవాటు కొద్దీ వెనక్కి నాలుగడుగులు వేయగానే, "మనిషి గీడనే ఉండె కద బిడ్డా, ఎటు పోతున్నవ్?" అన్నారు.

ఆయనకు ఇంకో పట్టింపు ఉండేది. ఎవరి ఫోటో తీసినా వచ్చే సంతకు ప్రింటు తెచ్చి వాళ్ళ చేతిలో పెట్టాల్సిందే. పేర్లు అడగడం మాత్రం మరిచిపోయేవారు. కవర్ల మీద "పచ్చ తువ్వాల", "మేక తప్పిపోయినాయన" అని రాసుకుని సంతంతా గాలించేవారు. చివరికి ఈ మంచితనమే ఆయనకు చిక్కు తెచ్చింది. చర్ల సంతలో సార్ కనబడగానే జనం తలలు దువ్వుకుని, చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఇక వీధి ఫోటో ఏం తీస్తాం? సార్ విసుక్కోకుండా వాళ్ళు కోరినట్టు ఒకటి తీసి, వాళ్ళు చేతులు దించాక తనకోసం ఇంకొకటి తీసేవారు. రెండు ప్రింట్లూ ఇచ్చేవారు. వాళ్ళు మొదటిది దాచుకుని రెండోది తిరిగిచ్చేసేవాళ్ళు.

నా మంచి ఫోటో కూడా ఆ సంతలోనే దొరికింది. చింతపండు అమ్మే ఒక ముసలామె కళ్ళు మూసుకుని, బోసినోరంతా తెరిచి నవ్వుతోంది. రోడ్డుకు ఇవతల నుంచి పైపుతో తీశాను. ఆమెకు తెలియదు. మా గుంపు ఖమ్మంలో పెట్టబోయే ప్రదర్శనకు ఆహ్వానపత్రం మీద అదే వేద్దామన్నారు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సార్ ఫోటోను చాలాసేపు చూసి, చాలా బాగుందని, ఆమెకు చూపించావా అని అడిగారు. లేదన్నాను. మరి ఆమె వద్దంటే, అన్నారు. మర్నాడే ఆమె కోసం ఒక ప్రింటు తీయించాను.

తర్వాతి సంతకు సార్ బైకు మీద వెళ్ళాం. దారిలో మావోయిస్టుల మీద నిఘాకు పెట్టిన క్యాంపు దగ్గర పోలీసులు నా లెన్సు చూసి ఆపి, ఎవరు, ఎందుకు అని అరగంట అడిగారు. సార్ మెడలోని కెమెరాను ఎవరూ పట్టించుకోలేదు. సంతలో ఆమె ప్రింటు తీసుకుని పక్కవాళ్ళకు చూపించి కోయ భాషలో ఏదో అంది. వాళ్ళు నవ్వారు, ఆమె నవ్వలేదు.

"పండ్లు లేని నోరు ఖమ్మమంతా చూడాల్నా? గిది పెట్టకమ్మా" అంది నాతో.

ఏదో ఒకటి చెప్పి ఒప్పిస్తారని సార్ వైపు చూశాను. ఆయన చింతపండు బేరమాడుతున్నారు.

ఆమే దారి చూపింది. మంచిగ ఇంకొకటి తియ్యమని కొంగు సర్దుకుని, పెదవులు బిగించి కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. అంత దగ్గర నుంచి పైపుకు ఫోకస్ కుదరలేదు. వెనక్కి జరిగితే ఎవరిదో మిరపకాయల గంప తగిలింది. సార్ తన కెమెరా తీసి నా చేతిలో పెట్టారు. ఫోటో తీసి తెర మీద చూపించాను. అందులో ఆమె సంతకం పెట్టనని మొండికేసిన తహసీల్దారులా ఉంది. తనను తాను చూసుకుని ఆపుకోలేక నవ్వింది, అచ్చం ఆ రోజు లాగే, కళ్ళు మూసుకుని, నోరంతా తెరిచి. ఈసారి నాకు చెయ్యి చాస్తే అందే దూరంలో. వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు. నేనూ ఆమెతో పాటు నవ్వాను.

తిరుగుదారిలో సార్ బైకు నెమ్మది చేశారు.

"గప్పుడు నొక్కలే కద?"

"నొక్కలే సార్."

"నేను గూడ చూసిన. మస్తుండె."

ప్రదర్శనలో పెదవులు బిగించిన ఫోటోనే పెట్టాను. ఆహ్వానపత్రం మీదికి వేరే ఫోటో ఎక్కింది. నా దాని ముందు ఎవరూ ఆగలేదు. ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. ఇప్పటికీ ఎవరి ముందైనా కెమెరా ఎత్తితే వేలు ఒక్క క్షణం ఆగుతుంది. అవతలి మనిషి తల ఊపేదాకా చూస్తాను. ఆలోపు ఎన్ని మంచి ఫోటోలు జారిపోయాయో లెక్కలేదు. కానీ చర్లలో నేను బస్సు దిగడం చూస్తే చాలు, ఆ చింతపండు ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతుంది.